వ్యాన్ సంగతి తర్వాత, ముందు ఆ మీటింగ్‌కి వెళ్లిరండి

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని మిడిల్‌సెక్స్ కౌంటీలో ఉంటాం. కొన్ని కుటుంబాలవాళ్లం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, చుట్టుపక్కల ఉండే తెలుగు పెద్దవాళ్లను మా కార్లలో డాక్టర్ దగ్గరికి, డయాలసిస్‌కి, గుడికి తీసుకెళ్తున్నాం. మొదట్లో ఎప్పుడో ఒకసారి ఉండేది. ఇప్పుడు రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. మా అందరికీ ఉద్యోగాలున్నాయి, కుదరడం లేదు. తెలిసినాయన ఒకరు వాడిన 15 సీట్ల వ్యాన్ కొనిస్తానంటున్నారు. గ్రూపులో ఒకావిడ మాత్రం, వృద్ధులకు, వికలాంగులకు రవాణా సదుపాయం కల్పించేవాళ్ల సంఘం ఒకటి ఈ రాష్ట్రంలో ఉంది, ముందు అందులో సభ్యత్వం తీసుకుందాం అంటున్నారు. ఫీజు కట్టి మీటింగులకు వెళ్తే పెద్దవాళ్లు ఆస్పత్రికి చేరతారా అని మిగతావాళ్లు నవ్వుతున్నారు. నాకూ అదే సందేహం. పైగా మొన్న వీల్‌చైర్‌లో ఉండే పెద్దాయన్ను కారెక్కిస్తుంటే చేయి జారి కింద పడబోయారు. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం:

నేను మీ గ్రూపులో ఆ ఒకావిడ పక్షం. అయితే సంఘంలో చేరగానే వాళ్లు వ్యాన్ ఇస్తారనో, డ్రైవర్‌ని పంపిస్తారనో ఆవిడ ఆశపడుతుంటే ముందే చెప్పేస్తున్నాను, అదేమీ జరగదు. అలాంటి సంఘాలు ఎవర్నీ ఎక్కడికీ తీసుకెళ్లవు. తీసుకెళ్లేవాళ్లంతా కలిసి పెట్టుకున్నవి అవి. అయినా చేరమనే అంటాను. ఎందుకో చెప్పేముందు వ్యాన్ సంగతి చూద్దాం, పాపం దాత ఎదురుచూస్తున్నారు కదా.

వ్యాన్ వద్దని చెప్పండి. మర్యాదగా, కాఫీ ఇచ్చి మరీ చెప్పండి, కానీ వద్దనే చెప్పండి. 15 సీట్ల వ్యాన్‌కి మెట్టు ఎత్తుగా ఉంటుంది, లోపల నిలబడడానికి లేదు. వంగి, సీట్ల మధ్యలోంచి దూరి వెళ్లాలి. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు చీరతో అందులోకి ఎక్కడం మీరు ఊహించుకోండి. లిఫ్ట్ ఉండదు, వీల్‌చైర్ కట్టే ఏర్పాటు ఉండదు. అంటే మీకు టెన్షన్ తెచ్చిన పెద్దాయనకే ఆ వ్యాన్ పనికిరాదు. ఇంకో సంగతి, ఈ రకం వ్యాన్ల గురించి అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ చాలాసార్లు హెచ్చరించింది. పది మందికి మించి ఎక్కితే బోల్తాపడే ప్రమాదం బాగా పెరుగుతుందని, అనుభవమున్న డ్రైవరే నడపాలని, టైర్లలో గాలి తరచూ చూసుకోవాలని దాని సారాంశం. శనివారం గుడికి వెళ్లేటప్పుడు మనవాళ్లు పది మందితో ఆగుతారా? ఆగరు. ఒళ్లో మనవడిని కూడా కూర్చోబెట్టుకుంటారు.

అదంతా పక్కన పెట్టినా, మీకు కొరత ఉన్నది బండికి కాదు. మంగళవారం పొద్దున పదింటికి ఖాళీగా ఉండే మనిషికి. కార్లు ఇప్పుడూ ఉన్నాయి, నడిపేవాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు. వ్యాన్ వస్తే దాన్ని నడిపే మనిషి కూడా ఆఫీసులోనే ఉంటాడు. దానికి ఇన్సూరెన్స్, రిపేర్లు, మంచు పడినప్పుడు దాన్ని ఎవరి డ్రైవ్‌వేలో పెట్టాలన్న గొడవ, ఇవన్నీ అదనం. ఉచితంగా వచ్చిన వ్యాన్ కోసం ఏడాది తిరక్కుండా స్నేహాలు చెడగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

ఇంతకీ మీ కౌంటీలో ఇప్పటికే ఏం నడుస్తోందో గ్రూపులో ఎంతమందికి తెలుసు? ఇలా అడిగితే చాలామంది ఉబర్ అంటారు. న్యూజెర్సీలో 21 కౌంటీలున్నాయి. 60 ఏళ్లు దాటినవాళ్ల కోసం, వికలాంగుల కోసం వ్యాన్లు, చిన్న బస్సులు నడపడానికి ఈ కౌంటీలకు రాష్ట్రం డబ్బిస్తుంది. ఆ డబ్బు ఎక్కడిదంటే అట్లాంటిక్ సిటీ కాసినోలది. 1976లో ఓటర్లు అక్కడ జూదానికి ఒప్పుకున్నప్పుడు పెట్టిన షరతే అది, వచ్చే పన్ను వృద్ధులకు, వికలాంగులకు ఉపయోగపడాలని. తర్వాత రవాణా కూడా ఆ జాబితాలో చేరింది. కాసినో పన్ను నిధిలో 8.5 శాతం ఈ రవాణా పథకానికి వెళ్తుంది, దాన్ని కౌంటీలకు పంచే పని రాష్ట్రంలో బస్సులు, రైళ్లు నడిపే ప్రభుత్వ సంస్థ ఎన్‌జే ట్రాన్సిట్‌ది. ఎవరో పేకాటలో పోగొట్టుకున్న డబ్బుతో మన తాతగారు డయాలసిస్‌కి వెళ్తున్నారన్నమాట. జూదం అంటే చెవులు మూసుకునే పెద్దవాళ్లకు ఈ ముక్క చెప్పకపోయినా నష్టం లేదు.

ఇది మీ ప్రశ్నకు దూరమనుకోకండి. కాసినోలు బాగా నడిస్తే వ్యాన్లు నడుస్తాయి, కాసినోలు మూతపడితే వ్యాన్లు తగ్గుతాయి. పక్కనున్న పెన్సిల్వేనియాలో కాసినోలు తెరిచాక అట్లాంటిక్ సిటీ ఆదాయం పడిపోయింది. 2014 ఒక్క ఏడాదిలోనే అక్కడ నాలుగు కాసినోలు మూసేశారు. నిధి తగ్గినప్పుడు ప్రతి కౌంటీ ఏదో ఒకటి కోసుకోవాల్సి వస్తుంది, సాయంత్రం ట్రిప్పులో, షాపింగ్ ట్రిప్పులో, పక్క కౌంటీ ఆస్పత్రికి వెళ్లేవో. అలాంటప్పుడు రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో బడ్జెట్ రాసేవాళ్ల ముందు, ఈ నిధి పోతే ఎవరి డయాలసిస్ ఆగుతుందో చూడండి అని చెప్పే గొంతు ఒకటి కావాలి. ఒక్కో కౌంటీ విడివిడిగా వెళ్తే పట్టించుకునేవాళ్లు తక్కువ. సభ్యత్వ సంఘాలు పుట్టింది ఇందుకే. మీ స్నేహితురాలు చెబుతున్నది బహుశా న్యూజెర్సీ కౌన్సిల్ ఆన్ స్పెషల్ ట్రాన్స్‌పోర్టేషన్ అయ్యుంటుంది. దేశం మొత్తం మీద చూస్తే కమ్యూనిటీ ట్రాన్స్‌పోర్టేషన్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా ఉంది. కాలిఫోర్నియాలో కాల్‌యాక్ట్ ఉంది. ఇలా చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి.

కౌంటీ వ్యాన్ కాకుండా ఇంకో రెండు దారులున్నాయి. ఒకటి ఎన్‌జే ట్రాన్సిట్ నడిపే యాక్సెస్ లింక్. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఏడీఏ ప్రకారం, మామూలు బస్సు నడిపే సంస్థ ఆ బస్సు ఎక్కలేనివాళ్లకు సమానమైన సేవ ఇచ్చితీరాలి. బస్సు రూటుకు ముప్పావు మైలు లోపల, బస్సు తిరిగే వేళల్లోనే ఆ సేవ దొరుకుతుంది. ఛార్జీ మామూలు బస్సు ఛార్జీకి రెట్టింపు మించకూడదు. ముందురోజు అడిగినా ఇవ్వాలి. ఎందుకు వెళ్తున్నారని చూసి డాక్టర్ పనికి ముందు, గుడికి తర్వాత అని వరస పెట్టకూడదు. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. దీనికి వయసు ఒక్కటే అర్హత కాదు. 85 ఏళ్లున్నా బస్సు ఎక్కగలిగితే రాదు, 40 ఏళ్లకే ఎక్కలేకపోతే వస్తుంది. పౌరసత్వంతో పని లేదు. అర్హత సంపాదించినవాళ్లు వెంట సహాయకుణ్ని తీసుకెళ్తే ఆ సహాయకుడికి ఛార్జీ ఉండదు. దరఖాస్తు పూర్తిగా ఇచ్చాక 21 రోజుల్లో నిర్ణయం రాకపోతే, అది తేలేదాకా సేవ ఇవ్వాల్సిందే. ఆరునెలలకని వచ్చిన అమ్మానాన్నలకు ఇంకో వెసులుబాటు ఉంది. బస్సు ఎక్కలేని వైకల్యం ఉన్నవాళ్లయితే సందర్శకులుగా ఏడాదిలో 21 రోజులు వాడుకోవచ్చు.

రెండోది మెడికెయిడ్, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఇన్సూరెన్స్. న్యూజెర్సీలో ఎన్‌జే ఫ్యామిలీకేర్ అంటారు. అది ఉన్నవాళ్లకు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే రైడ్ ఆ ఇన్సూరెన్స్‌లోనే భాగం, వేరే దాతృత్వం అక్కర్లేదు. పెద్దవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే మామూలు మెడికేర్‌లో అది లేదు, అంబులెన్స్ అవసరమైతే తప్ప. కొన్ని మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లలో మాత్రం ఏడాదికి కొన్ని రైడ్లు ఉంటాయి. మీరు తీసుకెళ్తున్న పెద్దవాళ్లలో ఎవరికి ఏ కార్డుందో ఒకసారి అడిగి చూడండి. రోజూ మీ కార్లో డయాలసిస్‌కి వెళ్తున్నవాళ్లలో ఒకరి కార్డు మీదే ఉచిత రైడ్ ఉందని తేలినా నేను ఆశ్చర్యపోను.

ఇన్ని ఉండగా మన పెద్దవాళ్లు మీకే ఎందుకు ఫోన్ చేస్తున్నారు? అసలు విషయం ఇది. కౌంటీకి ఫోన్ చేస్తే ఇంగ్లీషులో మెనూ వస్తుంది, ఒకటి నొక్కండి రెండు నొక్కండి అని. అవతల మనిషి ఎత్తేసరికి వీళ్లకు చెమటలు. అడ్రసు స్పెల్లింగ్ చెప్పాలి. డాక్టర్ ఫారం నింపాలి. ముందురోజు సాయంత్రం రికార్డు చేసిన గొంతుతో కాల్ వస్తుంది, పిక్‌అప్ టైము ఇదీ అని. స్కామ్ కాల్ అనుకుని పెట్టేస్తారు. తెల్లారి వ్యాన్ వచ్చి అయిదు నిమిషాలు ఆగి వెళ్లిపోతుంది. వీళ్లు అప్పుడే షూ వేసుకుంటూ ఉంటారు. నో షో, అంటే బుక్ చేసుకుని రాలేదని రాస్తారు. అలాంటివి పదేపదే పడితే కొన్నాళ్లు సేవ ఆపేస్తారు. దాంతో ఆ వ్యాన్లు మనకు కావమ్మా అని ఒక నిర్ణయానికి వచ్చేస్తారు.

ఇంకోటి ఎవరూ పైకి అనరు. కొడుకూ కోడలూ ఇంత సంపాదిస్తుంటే కౌంటీ వ్యాన్ ఎక్కడమేంటి, నలుగురూ ఏమనుకుంటారు అన్న బిడియం. నన్నడిగితే బెరుకు భాషతో ఎంతో ఈ పరువుతోనూ అంతే. అందులో కొంత పిల్లల పరువు కూడా ఉంటుంది, పెద్దవాళ్లు దాన్ని కాపాడుతుంటారు. ఇది మర్యాదగా తేలాలంటే మొదటి ట్రిప్పు ఎవరైనా తెలిసిన పెద్దాయన చేసి, ఏసీ ఉంది, డ్రైవర్ చేయి పట్టుకుని దింపాడు అని గుళ్లో నలుగురికీ చెప్పాలి. మీరు పది మీటింగులు పెట్టి చెప్పినా అంత పని జరగదు.

అందుకని నా సలహా ఇది. మీ గ్రూపు బండ్లు నడిపే సంస్థగా మారకూడదు. నడుస్తున్న బండ్లలోకి తెలుగు పెద్దవాళ్లను ఎక్కించే గ్రూపుగా మారాలి. ఫారాలు పక్కన కూర్చుని నింపించడం, బుకింగ్ కాల్‌లో మూడో లైన్‌లో ఉండడం, ముందురోజు రాత్రి తెలుగులో ఒక మెసేజ్ పెట్టడం, రేపు 9:40కి వ్యాన్ వస్తుంది, 9:20కే తయారుగా ఉండండి అని. మొదటిసారి వ్యాన్‌లో వెంట వెళ్లడం. ఇవన్నీ ఆఫీసులో ఉంటూ కూడా చేయొచ్చు, ఒక్క వెంట వెళ్లడం తప్ప. మీ దగ్గర ఉన్నవి రెండు, తెలుగు, ఇంటింటి నమ్మకం. కౌంటీ దగ్గర లేనివీ అవే. మీ సొంత కార్లను ఈ మూడు దారులకూ అందని వాటికోసం దాచుకోండి, ఆదివారానికో, రాత్రి వేళకో, పొద్దున్నే డాక్టర్ రమ్మన్న రోజుకో. అప్పుడు రోజుకొకటి కాస్తా మళ్లీ ఎప్పుడో ఒకసారికి వస్తుంది.

మొదటి ఫోన్ మీ కౌంటీలో వృద్ధుల సేవలు చూసే ఆఫీస్ ఆన్ ఏజింగ్‌కి చేయండి. ప్రతి కౌంటీలోనూ ఉంటుంది. కొంచెం నడవగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే, బస్సు ఎక్కడం దిగడం దగ్గరుండి నేర్పే ఎన్‌జేటిప్ అనే కార్యక్రమం రట్గర్స్ యూనివర్సిటీలో ఉంది. 62 దాటినవాళ్లకు ఎన్‌జే ట్రాన్సిట్‌లో సగం ఛార్జీ, ఇది కూడా చాలామంది వాడుకోరు.

ఇక సంఘం. వ్యాన్ నడపకపోతే రవాణా సంఘంలో మనకేం పని అని మీ గ్రూపువాళ్లు మళ్లీ నవ్వుతారు. పని ఉంది. అక్కడికి వచ్చేది కౌంటీ రవాణా శాఖలు నడిపే మనుషులు, ఏ బండి ఎక్కడికి వెళ్లాలో చూసే డిస్పాచ్‌వాళ్లు, లాభాపేక్ష లేని సంస్థలవాళ్లు, బండ్లు, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు. మీరు ఫోన్‌లో గంట సేపు పట్టుకోలేని మనిషి అక్కడ కాఫీ కప్పుతో మీ పక్కన నిలబడి ఉంటాడు. మా పెద్దవాళ్లకు రికార్డెడ్ కాల్ అర్థం కావడం లేదు, తెలుగులో ఒక మెసేజ్ రికార్డు చేసిస్తాం, పెడతారా అని అడగండి. వెంటనే ఔనంటారని కాదు. కానీ ఇలాంటి సమస్య ఒకటుందని వాళ్లకు తెలియడమే అక్కడ మొదటిసారి కావచ్చు. ఎవరూ ఎక్కకపోతే, ఈ ఏరియాలో డిమాండ్ లేదు అని కాగితం మీద రాసుకుంటారు. మీ కౌంటీలోని ఎడిసన్‌లో ఇంతమంది తెలుగు పెద్దవాళ్లున్నారని, వాళ్లు ఎక్కకపోవడానికి కారణం డిమాండ్ లేకపోవడం కాదని చెప్పే మనిషి ఆ గదిలో ఉండాలి.

దీనికి చట్టంలో కూడా ఆధారం ఉంది. సెక్షన్ 5310 అని ఫెడరల్ పథకం, 1975 నుంచీ ఏదో ఒక రూపంలో నడుస్తోంది. వృద్ధులు, వికలాంగుల రవాణాకు ప్రత్యేకించి డబ్బిచ్చేది అదే. లాభాపేక్ష లేని సంస్థలు కూడా అడగొచ్చు. లిఫ్ట్ ఉన్న బండి కొనడం లాంటివాటికి 80 శాతం దాకా, రోజువారీ నడిపే ఖర్చుకు సగం దాకా ఫెడరల్ వాటా ఉంటుంది, మిగిలింది మనం చూపించాలి. కానీ ఒక షరతు. ఆ ప్రాంతంలోని అవసరాలన్నీ గుర్తించి ముందుగా రాసుకున్న ఉమ్మడి ప్రణాళిక ఒకటుండాలి. మీరు అడిగే పని ఆ ప్రణాళికలోని అవసరాలకు సరిపోవాలి. ప్రణాళిక రాసేటప్పుడు వృద్ధులు, వికలాంగులు కూడా పాల్గొనాలని చట్టమే అంటుంది. తెలుగు పెద్దవాళ్ల ఇబ్బంది ఆ కాగితంలో ఒక్క వాక్యమైనా ఉందా? లేకపోతే పెట్టించండి. రేపు మీరు గ్రాంట్ అడిగినా అడగకపోయినా, కౌంటీ అడిగేటప్పుడు కూడా ఆ వాక్యం పనికొస్తుంది. కాసినో నిధి మీద ఎన్‌జే ట్రాన్సిట్ ఏటా పబ్లిక్ హియరింగ్ పెడుతుంది, అక్కడ ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఇలాంటి తేదీలు పేపర్లో మూలన వస్తాయి. సంఘంలో ఉంటే చెవిన పడతాయి.

అలాగని గుడ్డిగా ఫీజు కట్టమనడం లేదు. ముందు అతిథులుగా ఒక మీటింగ్‌కి రానిస్తారా అని అడగండి. చిన్న సంస్థలకు, ఇంకా రిజిస్టర్ కాని గ్రూపులకు ఫీజు తక్కువుందేమో, అసలు మీలాంటివాళ్లకు ఏ రకం సభ్యత్వం కుదురుతుందో కనుక్కోండి. సభ్యులకు ఓటుందా, శిక్షణ తరగతుల్లో వాలంటీర్లకు సీటిస్తారా అని తప్పకుండా అడగండి. వెళ్లాక గదిలో ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారో గమనించండి. బండ్లు అమ్మేవాళ్లే మాట్లాడుతుంటే అది వేరే రకం మీటింగ్. మీ పని అది కాదు, మర్యాదగా బిస్కెట్ తిని వచ్చేయండి. రైడ్ ఎందుకు ఆలస్యమవుతోంది, డ్రైవర్లు ఎందుకు దొరకడం లేదు అని కౌంటీలవాళ్లు ఒకరినొకరు నిలదీసుకుంటుంటే మాత్రం మీరు సరైన చోటికే వచ్చారు.

వీల్‌చైర్ పెద్దాయన గురించి ఇప్పుడు చెబుతున్నాను, మీరు ఈ ఉత్తరంలో ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకండి. ఆయన కుర్చీలోంచి కారు సీటులోకి తనంతట తాను, లేదా చిన్న ఆసరాతో మారలేకపోతే మీ కార్లు ఆయనకు కావు. చంకల కింద చేతులేసి ఎత్తడం పూర్తిగా మానేయండి. ఆయన భుజం పోతుంది, మీ నడుము పోతుంది. ఆయనకు కావాల్సింది కుర్చీతో సహా ఎక్కే బండి. ఏడీఏ ప్రకారం అలాంటి బండి లిఫ్ట్ కనీసం 600 పౌండ్ల బరువు మోసేలా ఉండాలి. లోపల కుర్చీని నాలుగు వైపుల నుంచీ పట్టీలతో నేలకు బిగిస్తారు, మనిషికి వేరే నడుము బెల్టు, భుజం బెల్టు పెడతారు. కుర్చీకి ఉండే సొంత బెల్టు ఒరిగిపోకుండా కూర్చోవడానికే, యాక్సిడెంట్‌లో అది ఆపదు. ఈ తేడా తెలియక అది పెట్టాం కదా అని సరిపెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయనకు యాక్సెస్ లింక్ దరఖాస్తు ఈ వారమే పెట్టండి, కౌంటీ వ్యాన్‌కి కూడా. కర్రతో నడిచే మిగతా పెద్దవాళ్లకు ఒక మాట. వీల్‌చైర్ లేకపోయినా, మెట్లు ఎక్కలేకపోతే ఆ లిఫ్ట్ మీద నిలబడి ఎక్కుతామని అడగొచ్చు, ఏడీఏ నిబంధనల్లోనే ఉంది. సిగ్గుపడి మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కక్కర్లేదు.

మనుషులకు చేయి ఎలా అందించాలి, ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకోకూడదు అనేదానికి శిక్షణ ఉంది. ఇందాక చెప్పిన జాతీయ సంఘం డ్రైవర్ల కోసం పాస్ అనే పేరుతో నడుపుతుంది. మీలో ఇద్దరు నేర్చుకుని మిగతావాళ్లకు చూపించినా చాలు. దాతగారి డబ్బుకు ఇదొక మంచి దారి. వ్యాన్ కొనేంత డబ్బులో ఈ శిక్షణ, సభ్యత్వ ఫీజు, వాలంటీర్ల ఇన్సూరెన్స్ అన్నీ వచ్చి ఇంకా మిగులుతుంది. పన్ను మినహాయింపు కావాలంటే మాత్రం వాట్సాప్ గ్రూపుకి ఇస్తే రాదు. మీరు 501 సి 3 సంస్థగా, అంటే విరాళాలకు పన్ను మినహాయింపు వచ్చే సేవా సంస్థగా రిజిస్టర్ కావాలి, లేదా ఇప్పటికే అలా ఉన్న సంస్థ నీడలో పనిచేయాలి. మొదటి ఏడాది రెండోదే తేలిక.

ఇన్సూరెన్స్ అన్నాను కదా. వాలంటీర్లను చట్టం కాపాడుతుంది అని ఎవరైనా అంటే నమ్మకండి. 1997 నాటి వాలంటీర్ ప్రొటెక్షన్ యాక్ట్ కాపాడేది లాభాపేక్ష లేని సంస్థల, ప్రభుత్వ సంస్థల వాలంటీర్లను, అదీ చాలా పనుల్లో. కారు నడపడం వల్ల జరిగిన నష్టాన్ని మాత్రం అది స్పష్టంగా మినహాయించింది. అంటే సరిగ్గా మీరు చేసే పనినే. ప్రతి ఒక్కరూ తమ కారు ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్ పెట్టండి, డబ్బు తీసుకోకుండా స్వచ్ఛందంగా పెద్దవాళ్లను తీసుకెళ్తే కవరేజీ ఉంటుందా అని. జవాబు కాగితం మీద తీసుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు.

డబ్బు తీసుకోకుండా అన్న మాట ముఖ్యం. పెద్దవాళ్లు ఊరుకోరని నాకు తెలుసు. దిగేటప్పుడు పెట్రోలుకి ఉంచమ్మా అని 20 డాలర్లు సీటు మీద పెట్టి వెళ్లిపోతారు. వద్దంటే నొచ్చుకుంటారు. కానీ ఛార్జీ తీసుకున్నట్టు తేలితే చాలా పాలసీలు దాన్ని కిరాయి కింద లెక్కేస్తాయి, కిరాయికి కవరేజీ ఉండదు. డబ్బు బదులు ఆవకాయ ఇమ్మనండి, దానికి ఏ పాలసీలోనూ అభ్యంతరం లేదు. రిజిస్టరైన సేవా సంస్థ తరఫున నడిపితే మైలుకు 14 సెంట్లు పన్నులో చూపించుకోవచ్చు. ఆ 14 సెంట్లు చట్టంలోనే రాసేయడంతో 1998 నుంచీ కదల్లేదు. అదే కారు ఆఫీసు పని మీద నడిపితే 2025లో మైలుకు 70 సెంట్లు. డయాలసిస్‌కి తీసుకెళ్లే మైలు అంత చవకెందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు. సంఘాలు ఎత్తిచూపాల్సిన అన్యాయాల్లో నా లెక్కలో ఇదీ ఒకటి.

చివరిగా, మీటింగ్‌కి ఎవరు వెళ్లాలి? అవి ఎక్కువగా వారం మధ్యలో పగటిపూట ఉంటాయి. ఉద్యోగాలున్న మీకు కుదరదు, కుదిరినా మీరు డ్రైవర్ల కష్టం చెబుతారు. మీరు తీసుకెళ్లే పెద్దవాళ్లలో రిటైరైన టీచరో బ్యాంకు ఉద్యోగో, నలుగురిలో గట్టిగా మాట్లాడే అలవాటున్నవాళ్లు ఒకరు తప్పకుండా ఉంటారు. వాళ్లను పంపండి. ఇంగ్లీషు గురించి బెంగ వద్దు, అనువాదానికి మీలో ఒకరు పక్కన కూర్చోండి, ఆ ఒక్కరికి ఒక పూట సెలవు చాలు. రాకపోకలకు కౌంటీ వ్యాన్ దొరుకుతుందేమో ముందే అడిగి బుక్ చేయండి. ఆ వ్యాన్ రాకపోతే, మీటింగ్‌లో చెప్పడానికి మొదటి విషయం దొరికినట్టే.